ప్లాటినము మందు

(గ్రామ ఆరోగ్య సభలో ఒక వైద్యుని ప్రసంగ పాఠము)



ప్లాటినము బంగారముకంటెను బరువైన తెల్లని లోహము. దానితో చేసిన మందును క్యాన్సరు రోగి నరములోనికి ఎక్కింతురనిన, "లోహము ఒంటిలోనికి పోయిన మనిషి బ్రతుకునా?" అని కొందరు అడుగుచుందురు. న్యాయమైన ప్రశ్నయే.

సిస్‌ప్లాటిన్ అను ఈ పదార్థమును 1845లోనే ఇటలీ దేశీయుడైన మికేలె పెయ్‌రోనె తయారుచేసెను. వైద్యమున దానికి చోటు దొరకుటకు నూరేండ్లకు పైగా పట్టినది. అమెరికాలో మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున బార్నెట్ రోజెన్‌బర్గ్, విద్యుత్తు సూక్ష్మజీవుల నేమిచేయునో పరీక్షించుచుండెను. అవి చీలుట మాని దారములవలె సాగిపోయినవి. కారణము విద్యుత్తు కాదు. కడ్డీలనుండి నీటిలో కలిసిన ప్లాటినము. ఈ సంగతి 1965లో ప్రకటితమైనది. చీలికను ఆపునది క్యాన్సరును ఏల ఆపరాదని యోచించి పరీక్షింపగా ఫలించినది. 1978లో అమెరికా ప్రభుత్వము ఆ మందునకు అనుమతి నిచ్చెను.

కణము రెండగుటకు ముందు తనలోని డి.ఎన్.ఎ. అను రెండుపేటల త్రాటిని విప్పి నకలు తీసికొనవలెను. ప్లాటినము ఆ త్రాటికి ముడివేయును. ముడి విప్పుకొనలేని కణము నశించును. వేగముగా చీలు కణములకే దెబ్బ ఎక్కువ. ఎముకల మూలుగ, ప్రేగుల లోపలిపొర కూడ అట్టివే గనుక వానికిని కొంత తగులును.

వృషణముల క్యాన్సరు ఇతర భాగములకు ప్రాకినను, తోడి మందులతో కలిపి యిచ్చిన పెక్కుమందికి పూర్తిగా నయమగుచున్నది. మన ప్రాంతమున విస్తారముగా కనిపించు నోటి, గొంతు, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్లలో దీనిని రేడియేషనుతోపాటు వారమున కొకసారి గాని, మూడు వారముల కొకసారి గాని యిత్తురు. కోతలు వచ్చినవనియో, గడ్డ కరగినదనియో నడుమ మానినచో మిగిలిన కణములు తిరిగి పెరుగును. అంతవరకు పడిన కష్టమంతయు వృథా కావచ్చును.

సిస్‌ప్లాటిన్ మూత్రపిండములకు హాని చేయగలదు. అందుచే ముందును వెనుకను సలైను ఎక్కింతురు. "ఇన్ని సీసాలేల, ప్రొద్దుపోవుచున్నది, బస్సు దాటిపోవును" అని తొందరపెట్టవలదు. ఆ నీరే మూత్రపిండములకు కాపు. వాంతులకు మందులు కలవు. రెండవ, మూడవ దినములందును వాంతులు రావచ్చును గనుక ఇంటికిచ్చిన మాత్రలు తప్పక మింగవలెను. చెవిలో హోరు, వ్రేళ్ళలో తిమ్మిరి కలిగిన డాక్టరుతో చెప్పుడు. మూత్రపిండములు బలహీనమైనవారికి కొన్ని క్యాన్సర్లలో కార్బోప్లాటిన్ ఇచ్చుట కలదు.

జ్వరము మాట వేరు. మందువలన తెల్ల రక్తకణములు తగ్గియుండగా 100.4 డిగ్రీల జ్వరము వచ్చినను ప్రమాదమే. మాత్రవేసి తెల్లవారువరకు చూడక, ఆ రాత్రియే ఆసుపత్రికి చేర్చి, ఏ మందు ఎన్నడు ఎక్కించిరో తెలుపు చీటిని అక్కడి డాక్టరునకు చూపుడు.