ట్రాక్టర్‌కు ఏ నూనె పోయాలి? మినరలా, సింథటికా?

(హైదరాబాద్ అమీర్‌పేటలో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దమ్ముల కాలం ముందుంది. ట్రాక్టర్లకు ఆయిల్ మార్చే రోజులు. మండల కేంద్రంలో ఏ దుకాణానికి పోయినా "సింథటిక్ తీసుకో అన్నా, ఇంజిన్‌కు ఢోకా ఉండదు" అంటున్నారు. ధర మామూలు నూనెకు దాదాపు రెట్టింపు. ఇక్కడ అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే మన పిల్లలు కూడా, ఆఫర్‌లో దొరికిందని కార్లకు పోసే డబ్బా కొని ఊరికి తెస్తున్నారు. అందుకే ఈ సంగతి ఎత్తుకున్నాను.

భూమిలోంచి తీసిన ముడి చమురును శుద్ధి చేస్తే వచ్చేది మినరల్ నూనె. అందులో చిన్నా పెద్దా అణువులు కలగాపులగంగా ఉంటాయి, కొంత మైనం కూడా మిగులుతుంది. సింథటిక్ అంటే చిన్న అణువులను ఫ్యాక్టరీలో ఒక కొలతలో కూర్చి చేసింది. చలికి తొందరగా చిక్కబడదు, వేడికి తొందరగా మాడదు. మంచి సరుకే. యూరియా ఫ్యాక్టరీలో గ్యాస్‌తో తయారవుతుంది, పొటాష్ గనిలో తవ్వుతారు, పైరు రెండూ తింటుంది. ఇదీ అంతే, పేరును బట్టి మంచిచెడ్డలు తేలవు.

పైగా ఆ పేరు మీదే తగాదా నడిచింది. 1990లలో అమెరికాలో క్యాస్ట్రాల్ కంపెనీ ముడి చమురునే గట్టిగా శుద్ధి చేసి సింథటిక్ అని అమ్మింది. మొబిల్ కంపెనీ ఫిర్యాదు చేసింది. 1999లో అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ క్యాస్ట్రాల్ వైపే చెప్పింది. గ్రూప్-3 అనే ఆ రకం ఇప్పుడు సింథటిక్ పేరుతోనే అమ్ముడుపోతోంది. ఇక సెమీ సింథటిక్ అంటే ఎంత పాలు కలిపారో డబ్బా మీద సాధారణంగా రాయరు.

క్యాస్ట్రాల్ అన్న పేరు ఎక్కడిదనుకున్నారు? ఆముదానిది. మన తాతలు బండి ఇరుసుకు రాసిన ఆముదమే. నల్లగొండ, పాలమూరు చెల్కల్లో పత్తి వచ్చి ఆముదాన్ని తరిమేసింది గానీ, ఆ గింజ నుంచి తీసే రసాయనంతో ఇప్పటికీ ఖరీదైన సింథటిక్ నూనెలు చేస్తారు. గింజ అమ్మేటప్పుడు మనకు ధర ఉండదు, డబ్బాలో తిరిగొస్తే మనం కొనలేం.

సరే, పనిలోకి వద్దాం. మీరు వస్తూ చూసే ఉంటారు, పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట మెట్రో దాకా కార్లు ఆగుతూ కదులుతూ పోతుంటాయి. చాలా కార్లకు పలచటి నూనె కావాలి. వాటి డబ్బాల మీద 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే చలికాలం. 15డబ్ల్యూ నూనెను మైనస్ 20 డిగ్రీల దగ్గర, 0డబ్ల్యూను మైనస్ 35 దగ్గర పరీక్షిస్తారు. మన ఆదిలాబాద్ చలి ఎంత గట్టిదైనా అక్కడిదాకా పోదు కదా! ఆ గుణానికి మనం ఎందుకు డబ్బు కట్టాలి?

ట్రాక్టర్ పుస్తకంలో ఎక్కువగా 15డబ్ల్యూ-40 గానీ 20డబ్ల్యూ-40 గానీ ఉంటుంది. దాని పక్కన అక్షరాలు చూడండి. ఎస్‌తో మొదలైతే పెట్రోల్ ఇంజిన్‌కు, సీతో మొదలైతే డీజిల్‌కు. సీఎఫ్-4, సీహెచ్-4, సీఐ-4, ఇలా ముందుకు పోయినకొద్దీ కొత్త ప్రమాణం. పుస్తకం అడిగిన అక్షరాలున్న మినరల్ నూనె, ఆ అక్షరాలు లేని సింథటిక్ కంటే మీ బండికి వెయ్యి రెట్లు మేలు. అయితే 50 హెచ్.పి. దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి. అలాంటి బండి కొన్నవాళ్లు పుస్తకంలో ఏ నూనె రాసుంటే అదే పోయాలి, ఖరీదైనా సరే. అక్కడ పిసినారితనం పనికిరాదు.

మన ఇంజిన్లను తినేది దుమ్ము. ఎండు దుక్కిలో రోటావేటర్ తోలినప్పుడు ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఎంత మట్టి దిగుతుందో చూశారు కదా. ఆ గిన్నె కడగకుండా ఎంత ఖరీదైన నూనె పోసినా దుమ్ము లోపలికి పోయి ఇంజిన్‌ను అరగదీస్తుంది. దమ్ములో నీళ్లు చేరి గేర్ బాక్స్ నూనె పాలలా తెల్లబడితే అది ఏ రకమైనా దించేయాల్సిందే. సింథటిక్ ఎక్కువ గంటలు నడుస్తుందన్న లాభం ఇక్కడే పోతుంది. ఇంకొక మాట. నూనెలో తడిసే బ్రేకులున్న బండికి దానికని చేసిన ట్రాన్స్‌మిషన్ నూనే పోయాలి. మామూలు గేర్ ఆయిల్ పోస్తే బ్రేకు చప్పుడు చేస్తుంది, పట్టు తప్పుతుంది. లోడు ట్రాలీతో దిగుడులో పోయేవాడికి అది ప్రాణాల మీదికొస్తుంది.

సంఘంగా మనం అడగాల్సినవి రెండున్నాయి. ట్రాక్టర్‌తో ఇచ్చే పుస్తకం, కనీసం నూనెల పట్టిక, తెలుగులో ఇవ్వాలి. రెండోది పాత నూనె. దాని రీసైక్లింగ్ బాధ్యతను 2024 ఏప్రిల్ నుంచి కేంద్రం నిబంధనల ప్రకారం నూనె కంపెనీల మీద పెట్టారు. మరి మన మండలాల్లో దాన్ని ఎక్కడ ఇవ్వాలి? చోటు చూపించమని కలెక్టర్లకు వినతిపత్రాలు ఇద్దాం. అప్పటిదాకా కాలువలో, బావి గట్టున పారబోయకండి.

కొనేటప్పుడు సీలు చూడండి, బిల్లు అడగండి. ఖాళీ డబ్బాలకు మంచి ధర ఇస్తామని ఊళ్లోకి వచ్చేవాళ్లుంటారు. అదే డబ్బాలో నల్ల నూనె వడగట్టి పోసి మళ్లీ మనకే అమ్ముతారు. డబ్బాకు మేకు కొట్టి, మూత కోసేసి అప్పుడు పాత సామాన్లవాడికి వేయండి.