ఇంటి గుట్టు, బయటి కన్ను



టీటాగఢ్ జూట్ మిల్లుల్లో పనిచేసే మన తెలుగువాళ్లకు అర్జీలు రాసిపెట్టిన మాస్టారి స్మృతిలో మాట్లాడమన్నారు. అర్జీ గురించే మాట్లాడతాను.

ఇంటి గుట్టు లంకకు చేటని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. జైళ్ల గురించి, లాకప్ మరణాల గురించి విదేశాల్లో ఎవరైనా నోరెత్తితే ఢిల్లీ నుంచి వచ్చే జవాబూ ఇంచుమించు అదే: ఇది మా ఆంతరంగిక వ్యవహారం. ఆ మాట ఐక్యరాజ్యసమితిలో చెల్లదని మొదట వాదించిన దేశాల్లో మనదొకటి. స్వాతంత్ర్యం ఇంకా రానేలేదు. 1946లో దక్షిణాఫ్రికాలోని భారతీయుల పట్ల వివక్ష మీద మనం ఫిర్యాదు చేశాం. విజయలక్ష్మీ పండిట్ మన బృందానికి నాయకురాలు. అది మా ఇంటి సంగతంది దక్షిణాఫ్రికా. డిసెంబరు 8న సర్వసభ్య సభ 32-15 ఓట్లతో మన పక్షాన తీర్మానించింది. 1860 నుంచి మద్రాసు, కలకత్తా రేవుల్లో ఓడలెక్కి నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల బిడ్డల కోసం ఆ పోరాటం. వాళ్లలో తెలుగువాళ్లు చాలామందే.

28 ఏళ్లకు బయటి కన్ను ఇటు తిరిగింది. 1974లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పశ్చిమ బెంగాల్ జైళ్ల మీద ఒక చిన్న నివేదిక వేసింది. నక్సలైట్లన్న ముద్రతో విచారణ లేకుండా ఏళ్లూ పూళ్లూ మగ్గుతున్నవాళ్ల గోడు అందులో ఉంది. లండన్‌లో కూర్చున్న ఆమ్నెస్టీవాళ్లకు ఇక్కడి జైలు గోడ వెనక ఏముందో తమంతట తెలియదు. లోపలివాళ్లు చెప్పాలి, బయట ఒకరు రాసుకోవాలి. 1972లో ఈ కలకత్తాలోనే ఏపీడీఆర్ అనే ప్రజాస్వామ్య హక్కుల సంఘం, ఆ దశాబ్దంలోనే ఆంధ్రలో పౌరహక్కుల సంఘం పుట్టింది ఆ అవసరంలోంచే. 1977లో రాజకీయ ఖైదీలు విడుదలయ్యారంటే అందుకు ఎన్నికలే ముఖ్య కారణం. నివేదికకు లేని గొప్ప అంటగట్టను. బయటి కన్ను నిష్పక్షపాతి అనీ అనను. బలవంతుడి గుమ్మం ముందు అది రెప్ప వాల్చడం చూస్తూనే ఉన్నాం.

ఇక అర్జీ. 1986 ఆగస్టు 26న పశ్చిమ బెంగాల్ న్యాయ సహాయ సంస్థకు చెందిన డి.కె. బసు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరం రాశారు. లాకప్ మరణాల మీద టెలిగ్రాఫ్, స్టేట్స్‌మన్ లాంటి పత్రికల్లో వచ్చిన వార్తలే దానికి ఆధారం. కోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుంది. పదేళ్లు పట్టింది. 1996 డిసెంబరు 18న తీర్పు వచ్చింది, 11 నిబంధనలతో. అరెస్టు చేసే పోలీసు పేరు, హోదా స్పష్టంగా కనపడాలి. అరెస్టు మెమో రాయాలి, అందులో తేదీతోపాటు టైము వెయ్యాలి. కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకోసారి డాక్టరు చూడాలి. ఇంకొక మెలిక కూడా ఆ తీర్పు విప్పింది. అక్రమ అరెస్టుకు పరిహారం హక్కంటున్న అంతర్జాతీయ ఒడంబడికలో 1979లో చేరేటప్పుడు, ఆ అంశం మా చట్టంలో లేదని మన ప్రభుత్వం మినహాయింపు రాసుకుంది. ఆ మినహాయింపుకు ఇప్పుడు విలువ లేదంది కోర్టు, పరిహారం ఇప్పించవచ్చంది. బయటివాళ్లు అడిగినదాన్ని ఇంట్లోవాళ్లే నెగ్గించుకున్నారు.

పని మిగిలే ఉంది. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టాం, ధ్రువీకరించలేదు. జెనీవాలో మానవ హక్కుల సమీక్షకు మన వంతు వచ్చినప్పుడల్లా ఆ ప్రశ్న మళ్లీ వస్తోంది.

జెనీవా దూరం. దగ్గరిది ఒకటుంది. అరెస్టు మెమో మీద సాక్షి సంతకం కావాలి. ఇంట్లోవాళ్లయినా పెట్టవచ్చు, పేటలో పరువున్న మనిషైనా పెట్టవచ్చు. అర్ధరాత్రి పక్కింటి తలుపు దబదబా కొట్టిన చప్పుడైతే కిటికీ మూసుకుంటామా? చెప్పులేసుకుని వెళ్లి, ఆ కాగితం మీద టైము సరిగ్గా వేశారో లేదో చూసి సంతకం పెడతామా? మాస్టారైతే ఈపాటికి జేబులో కలం తడుముకునేవారు.