మా ఇంట్లో ఫ్రిజ్

 

నేను కరెంటు ఇంజనీరుని. నా ఉద్యోగం గురించి మొదలుపెడితే మీరు భోజనాలకు లేస్తారు. అందుకని మా నాన్నగారి గురించి చెబుతాను. మీలో సగం మందికి ఆయన సూది వేసే ఉంటారు.

గుంటూరు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివి ఆయన మన దివిసీమకే వచ్చేశారు. వీధిలో మొదటి ఫ్రిజ్ మాదే. అయితే అందులో పెరుగు గిన్నె పెట్టే హక్కు అమ్మకు లేదు. పాముకాటు మందు, ధనుర్వాతం టీకాలు ఉండేవి. ఆ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కరెంటు పోతే నేను సైకిలేసుకుని చేపల ఐసు ఫ్యాక్టరీకి పరిగెత్తాలి. కరెంటు మీద నాకు పగ అప్పుడే మొదలైంది.

1984 శ్రావణంలో అక్క పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున. గౌరీపూజ అవుతుండగా ఒక కుర్రాణ్ణి మంచం మీద మోసుకొచ్చారు. చాప మీద పడుకున్నాడట. కడుపునొప్పి అన్నాడు, కాటు గుర్తు కనబడలేదు, కనురెప్పలు వాలిపోతున్నాయి. నాన్న చూడగానే కట్లపాము అన్నారు. దాని కాటుకు నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, ఊపిరి మాత్రం ఆగిపోతుంది. పట్టుపంచెతోనే ఆసుపత్రికి వెళ్లిపోయారు. మందు ఎక్కించినా శ్వాస అందలేదు. తెల్లారేదాకా కాంపౌండరూ, మగపెళ్లివారి తాలూకు ఇద్దరు కుర్రాళ్లూ వంతులవారీగా గాలిసంచి నొక్కారు.

ఇక్కడ కన్యాదానానికి పీటల మీద బాబాయి, పిన్ని కూర్చున్నారు. అమ్మ ఒక్కతే కూర్చోకూడదన్నారు. అమ్మ స్తంభం పక్కన నిలబడి చూసింది. నాన్న అప్పగింతలకు కూడా అందలేదు.

అక్క ఆర్నెల్లు నాన్నతో మాట్లాడలేదు. ఆయన సంజాయిషీ చెప్పలేదు. అమ్మ ఆయన్ని వెనకేసుకు రాలేదు, ఒక్క మాట అననూ లేదు. ఆయన చేసింది తప్పని నేను అనలేను. అక్కది తప్పని అంతకన్నా అనలేను.

ఆ కుర్రాడు బతికాడు. మన బడిలోనే పదో తరగతి ప్యాసయ్యాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. ఏటా వేసవిలో బుట్టెడు మామిడిపళ్లు తెస్తాడు. మా ఇంటికి కాదు, అక్క వాళ్లింటికి. అక్క తీసుకుంటుంది, కూర్చోబెట్టి అన్నం పెడుతుంది. పెళ్లి ఆల్బం మాత్రం ఇప్పటికీ ఎవరికీ చూపించదు.