వ్యాయామవిద్యయు కుటుంబవ్యయమును
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



జీవితమంతయు సంస్కృతము బోధించిన వానికి జిమ్నాస్టిక్స్‌తో నేమి పనియని మీరు శంకింపవచ్చును. నా మనుమరాలు ఆఱవయేటి నుండి ఆ విద్య నభ్యసించుచున్నది. దాని తండ్రి చిరుద్యోగి.

మొదట మేము నెలరుసుమును మాత్రమే లెక్కించితిమి. పిదప పోటీల ప్రవేశరుసుము, దుస్తులు, రైలుఖర్చులు, వెంటబోవు తల్లికి బస, కాలు బెణికిన వైద్యము, ఒకదాని వెనుక నొకటి వచ్చిపడినవి. కోడలి గొలుసు కుదువకు బోయెను. ఒకనాడు చిన్నమనుమడు, "అక్క పోటీ కానిండు, నా పుస్తకములు వచ్చేనెల కొనవచ్చు" ననెను. అందఱును వానిని మెచ్చుకొనిరి. నాకు మాత్రము సిగ్గు కలిగెను. ఒక బిడ్డ విద్యకై వేఱొక బిడ్డ నోరు కట్టుకొనుట ధర్మము గాదు.

ఆ రాత్రియే లెక్క వ్రాసితిమి. సంవత్సరపు వ్యయమంతయు ముందుగా నడిగి తెలిసికొనవలెను. తమ్ముని చదువుసొమ్ము ముట్టరాదు. పెద్దపిల్లలకు పొట్టియైన దుస్తులు వాడుకొనవచ్చును. అప్పు చేయరాదు. ఏటేట గురువును, ముఖ్యముగా బిడ్డను, కొనసాగింపవలెనా యని యడుగవలెను. కాని శిక్షితుడగు గురువు విషయమునను, దళసరి పరుపుల విషయమునను పొదుపు కూడదు.

అగర్తలా వాసియగు దీపా కర్మాకర్ బాల్యమున పాత స్కూటరు భాగములతో కూర్చిన సాధనముపై అభ్యసించెనని పత్రికలు వ్రాసినవి. ఆమె 2016 రియో ఒలింపిక్సులో, పరుగిడివచ్చి బల్లపై చేతులూని యెగురు వాల్టునందు 15.066 అంకములతో నాలుగవదయ్యెను, కాంస్యము 0.150 దూరమున తప్పిపోయెను. హైదరాబాదు బాలిక బుడ్డా అరుణారెడ్డి 2018 లో మెల్‌బోర్ను ప్రపంచకప్పునందు వాల్టులో కాంస్యము గైకొనెను. దీప పడిన కష్టము వందనీయమే. కాని ఆ పాత సాధనము మన పిల్లలకు మార్గము కారాదు. పతకము వచ్చునను ఆశతో ఇల్లు తాకట్టు పెట్టుటయు తగదు.

పోషకులారా! మన విద్యార్థినిధి కళాశాల రుసుములకే పరిమితమై యున్నది. పోటీలకు బోవు బీదపిల్లల రైలుఖర్చునకును, వైద్యమునకును రసీదులు చూచి అందుండి కొంత యీయవలెనని నా ప్రార్థన. బాలికలని వెనుకకు నెట్టవలదు.

నా మనుమరాలి పేరు మాత్రము ఆ జాబితాలో చేర్పవలదు. నా పింఛనులో గొలుసు విడిపించుటకు కొంత, రైలుఖర్చునకు కొంత తీసియుంచితిని. పింఛను కూడ లేని తాతలున్న యిండ్లకొఱకే నేనీ మాట యడుగుచున్నాను.