నల్లకోటుకు వయసు అడ్డం కాదు



"డిగ్రీ అయి పదేండ్లాయె, ఇప్పుడు లా ఏందక్కా?" అని మా హాస్టల్ల చదువుకొని పోయిన పిల్లలు మమ్మల్ని అడుగుతుంటరు. మన కోయబిడ్డ సీతక్కను చూడుండ్రి. దళం ఇడిసి జనంలకు వచ్చినంకనే లా చదివిండ్రు, వరంగల్ కోర్టుల వాదించిండ్రు. 2009ల ములుగు ఎమ్మెల్యే అయిండ్రు, 2022ల ఉస్మానియాల పీహెచ్‌డీ తీసుకున్నరు.

మూడేండ్ల ఎల్‌ఎల్‌బీకి ఎస్టీలకు డిగ్రీల 40 శాతం మార్కులు చాలు. లాసెట్‌కు వయసు హద్దు లేదు. 2024 జులై సుప్రీంకోర్టు తీర్పుతోటి మన ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 125 రూపాయలే.

షెడ్యూల్డ్ ఏరియా భూములకు 1/70 ఉన్నది, పోడుకు 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నది. వాటిని చదివి వాదించెటోళ్లు మనలనే ఉండాలె. నోటిఫికేషన్ పడంగనే హాస్టల్‌కు రండ్రి, కూసొని దరఖాస్తు నింపుదాం.