ఇల్లొచ్చినా గుడిసె ఎందుకు వదలరంటే



విముక్త జాతుల దినం అని బ్యానర్ కట్టుకున్నాం. మమ్మల్ని ఇళ్ల గురించి మాట్లాడమన్నారు. ఈ రెండూ వేరువేరు సంగతులు కావు. ఎరుకలవాళ్లకు సర్కారు మొదట చూపించిన కాలనీలు నేరస్తుల సెటిల్‌మెంట్లు. 1911 నేరస్త తెగల చట్టం వచ్చాక సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టిన స్టువర్టుపురం అట్లా పుట్టిందే. చోటు ఇచ్చారు, పని ఇచ్చారు, దాంతోపాటు హాజరు పట్టీ కూడా పెట్టారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. అయినా "ఇల్లిస్తాం, పేర్లు చెప్పండి" అంటే మా ముసలివాళ్లు ఇప్పటికీ ఒక్క నిమిషం ఆగుతారు. సర్వేకు వచ్చినవాళ్లు దాన్ని మొండితనం అనుకుంటారు.

మేము ఎరుకల ఇంటి ఆడబిడ్డలం, పైగా హాస్టల్ నడిపేవాళ్లం. రాప్తాడు చుట్టుపక్కల వంక పోరంబోకుల్లో, రోడ్ల పక్కన గుడిసెలేసుకున్న ఇళ్ల నుంచి మా దగ్గరికి పిల్లలొస్తారు. మీటింగుల్లో మాకు తరచూ వినిపించే మాట ఒకటుంది: "పక్కా ఇల్లిచ్చినా వీళ్లు గుడిసె వదలరు."

నిజమే, వదలరు. గుడిసె పడుకోవడానికి మాత్రమే అయితే ఎప్పుడో వదిలేసేవాళ్లు. గుడిసె ముందర ఈత బరిగెలు చీల్చాలి, ఎండబెట్టాలి, గంపలల్లాలి. వెనకాల పందుల దొడ్డి ఉండాలి. 2020 డిసెంబర్ 25న మొదలైన పేదలందరికీ ఇళ్లు పథకంలో పల్లెల్లో ఇచ్చింది సెంటున్నర. అంటే 72 గజాల చిల్లర. అందులో ఇల్లు లేస్తే మిగిలేదెంత? ఒకామె మాతో అంది: "ఇల్లు బాగానే ఉంది మేడమ్, పందుల్ని యాడ కట్టాల?" ఆ ప్రశ్నకు ఏ ఫారంలోనూ గడి లేదు.

అందుకని వాళ్లు వాళ్ల లెక్కలో సర్దుకున్నారు. కొత్త ఇంట్లో బియ్యం, బట్టలు, కాగితాలు పెట్టి తాళమేస్తారు, ఎందుకంటే అది కురవదు. నీళ్లు రాని బాత్రూంలో కట్టెలు పేరుస్తారు. ముందర కొట్టం దించి అక్కడే వండుకుంటారు. మాకైతే ఇందులో తెలివే కనిపిస్తుంది. పట్టా ఆడవాళ్ల పేరున రావడం మాత్రం అందరికీ నచ్చింది. (మగవాళ్లు పైకి చెప్పరు లెండి.) మన జిల్లాలో ఆర్‌డీటీ అంతకుముందే ఇళ్లను ఆడవాళ్ల పేరున రాయించింది.

ఇప్పుడు పల్లెల్లో 3 సెంట్లు అంటున్నారు. మంచిదే. అయితే గోడల దగ్గర ఆగిపోయిన ఇళ్ల సంగతి వేరు. ఇంటికి 1.80 లక్షలు ఇస్తామన్నా, ఆ డబ్బు పని జరిగాకే వస్తుంది. పునాది వేస్తే పునాది బిల్లు, స్లాబు పోస్తే స్లాబు బిల్లు. ముందు పెట్టేది మనమే. వానలు లేని ఈ నేలమీద కూలోళ్ల చేతిలో ముందుగా పెట్టే డబ్బు ఎక్కడిది? మూడు రూపాయల వడ్డీకి తెస్తారు, లేదంటే బెంగుళూరు పోతారు. వేరుశనగ పీకుడు అయిపోయాక మా హాస్టల్‌కు ఫోన్లు మొదలవుతాయి: "మేడమ్, పండక్కి పిల్లోడిని మీరే పెట్టుకోండి, మేం రాలేం." సంపాదించి ఇల్లు పూర్తిచేద్దామని పోతారు. వీళ్లు అక్కడుండగా ఇక్కడ ఫోటో తీసేవాళ్లు వచ్చి పోతారు. బిల్లు ఆగుతుంది, ఇల్లు ఆగుతుంది.

2025 మార్చిలో, సగంలో ఆగిన ఇళ్లకు అదనంగా ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజనులకు లక్ష ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ సంగతి తెలియకుండానే గోడలకు ముళ్లకంప అడ్డంపెట్టి పోయిన కుటుంబాలు మా పిల్లల ఇళ్లలోనే ఉన్నాయి.

సంఘం తమ్ముళ్లను మేము అడిగేది ఒక్కటే. ఈ రోజు భోజనాలయ్యాక వేపచెట్టు కింద బల్ల వేస్తాం, ఇద్దరు కూర్చోండి. పట్టా, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం చూసి, ఎవరి బిల్లు ఎక్కడ ఆగిందో రాసుకోండి. సోమవారం గ్రీవెన్స్‌లో అన్నీ కలిపి ఇద్దాం. అమ్మానాన్న బెంగుళూరులో ఉన్న పిల్లలు వాళ్ల నంబర్లు తీసుకుని రావాలి. సిగ్గుపడొద్దు, మేం పక్కనే ఉంటాం.