పాత మోటారు సైకిలు – పట్టు, నిలకడ

(మన సంఘపు ఆదివారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వ్యాపారస్థులమైన మేము యంత్రములను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. అయినను దెబ్బ తిని నేర్చిన పాఠమునకు పట్టాతో పనిలేదు గదా!

మనలో అనేకుల ఇండ్లలో తండ్రులు నడపిన పాత మోటారు సైకిలు నేటికిని ఒక మూల నిలిచియున్నది. ఈ రాష్ట్రములో అది సహజమే. చెకోస్లొవేకియాలో 1929లో పుట్టిన జావా బండిని, మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1961 నుండి మన దేశములో తయారుచేసినది. తరువాత 1973 నుండి యెజ్డీ యను పేరు వచ్చినది. 1996లో ఆ కర్మాగారము మూతపడినది. కావున అక్కడ తయారైన బండి యెంత కడపటిదైనను పాతికేండ్లు దాటినదే.

మా తండ్రిగారి యెజ్డీ 1984 నాటిది. దానిమీద వారు బేరములకై దొడ్డబళ్లాపురము, గౌరీబిదనూరు మీదుగా హిందూపురము వరకు పోయి వచ్చెడివారు. వారి అనంతరము మేము ఆ బండికి కొత్త రంగు వేయించి, మెరుగు పూత పెట్టించి, సీటు కుట్టించితిమి. ఠీవిగా ఉండునని వెనుక వెడల్పు టైరును కూడ వేయించితిమి. పైన పటారము, లోన లొటారమను సామెత అప్పుడు జ్ఞప్తికి రాలేదు.

రెండేండ్ల క్రిందట మా కుమారుని వెనుక కూర్చుండబెట్టుకొని ఆ హిందూపురపు దారినే పోవుచుంటిమి. గంటకు డెబ్బది కిలోమీటర్ల వేగమున హ్యాండిలు తనంత తానే అటునిటు ఊగసాగినది. గట్టిగా పట్టినకొలది ఊపు హెచ్చినది. బండి రోడ్డు దిగి పడిపోయినది. మాకు గీతలతో పోయినది గాని బాలునికి ముంజేయి విరిగినది. ఇంటివారు బండిని అమ్మివేయుడనిరి. కట్టుకట్టిన చేతితో వాడు, "తాతగారి బండి అమ్మవద్దు నాన్నా!" అని బతిమాలెను.

బండిని విప్పించి చూడగా, తప్పు దాని వయస్సులో లేదు, మా అశ్రద్ధలో ఉన్నదని తేలినది. హ్యాండిలు క్రింది కోన్‌సెట్టు గిన్నెలు గుంటలు పడియుండెను. వెనుక చక్రమును మోయు స్వింగ్ ఆర్మ్ బుష్షులు అరిగిపోయి యుండెను. బండి బాగుగా నిలువవలెనన్న కొత్త హంగులు అక్కరలేదు, సడలినదానిని మునుపటివలె బిగువు చేయవలెనని అప్పుడు గ్రహించితిమి. ఆ వరుసను మీకు మనవి చేయుచున్నాము.

మొదట టైర్లు. టైరు ప్రక్కన నాలుగంకెలు అచ్చుపడియుండును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. గళ్లు అరుగకున్నను రబ్బరు ఎండి పగిలినచో తడిరోడ్డు మీద పట్టు ఉండదు. బండికి నిర్ణయించిన కొలతయే వేయవలెను. సన్నని రిమ్ముకు వెడల్పు టైరు ఎక్కించిన దాని ఆకారము చెడి, మలుపులో బండి మొండికెత్తును. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడవలెను.

పిదప చక్రములు. స్పోకులను మీటి చూచిన, వదులైనది మందముగా మ్రోగును. గొలుసు బిగించునపుడు ఇరుప్రక్కల గుర్తులు సమముగా ఉండవలెను. త్రాడు పట్టి చూచి, రెండు చక్రములు ఒకే వరుసలో ఉన్నవని నిశ్చయించుకొనవలెను.

మూడవది కీళ్లు. బండిని నడిమి స్టాండుపై నిలిపి, ముందు చక్రమును పైకెత్తి, ఫోర్కు అడుగున పట్టుకొని ముందువెనుకలకు కదిలించుడు. టక్కుమన్నచో కోన్‌సెట్టు వదులైనది. హ్యాండిలును మెల్లగా త్రిప్పగా నడుమ పట్టుకొన్నచో గుండ్లను, గిన్నెలను కలిపి మార్చవలెను. వెనుక చక్రమును ఎత్తి స్వింగ్ ఆర్మును ప్రక్కలకు కదిలించినపుడు ఆడినచో బుష్షులు మార్చవలెను.

నాలుగవది షాకబ్జర్లు. ముందు ఫోర్కు రెండు కాళ్లలోను నూనె సమముగా ఉండవలెను. వెనుకవాటిని జతగానే మార్చవలెను.

ఐదవది బ్రేకులు. ఈ రెండు స్ట్రోకుల ఇంజను, గ్యాసు వదలినను బండిని అంతగా ఆపదు. నందికొండ దిగునప్పుడు భారమంతయు డ్రమ్ము బ్రేకులదే. వాటి షూలు గాజువలె నునుపెక్కినచో ఉపేక్షింపరాదు.

విడిభాగములు జె.సి. రోడ్డులో వెదకవచ్చును. వ్యాపారస్థులముగా ఒక్క మాట: చౌక యని చూడక, పాత భాగమును వెంట తీసికొనిపోయి, ప్రక్కన పెట్టి కొలిచి కొనుడు.

మాకు ఈ పనులన్నిటికి అయినది, రంగునకు పూతకు పోసినదానిలో సగమైనను కాదు. ఇప్పుడు హ్యాండిలు ఊగుట లేదు. అయినను అది కొత్త బండి కాజాలదు. ముందు వాహనమునకు ఎడము హెచ్చుగా విడిచి, వెనుక కూర్చున్నవారికి కూడ హెల్మెట్ పెట్టియే బయలుదేరుచున్నాము.

యువకులారా! పెద్దలిచ్చిన బండిని మెరిపించుట ముచ్చటయే. కాని దానిపై మీ వెనుక కూర్చుండువారు మిమ్ము నమ్మి కూర్చుందురు. రంగు డబ్బా కొనుటకు ముందు ఒక్కసారి చక్రమును ఎత్తి కదిలించి చూడుడని మా ప్రార్థన.